మద్రాసులో నాలుగు దీపాలు

లైట్‌హౌస్ చూపిస్తానని తాతయ్య అంటే మెరీనాకే అనుకున్నాను. కానీ ముందు హైకోర్టు దగ్గర బస్సు దింపారు.

మద్రాసులో మొదటి దీపం 1796లో సెయింట్ జార్జి కోటలో, ఒక మేడ మీద, కొబ్బరినూనెతో వెలిగింది. అప్పుడు ఇక్కడ ఓడరేవు లేదు. ఓడలు దూరంగా లంగరు వేసేవి. మనుషులూ సరుకులూ మసూలా పడవల్లో అలలు దాటి ఒడ్డుకు చేరాలి. 1844లో కోటకు ఉత్తరాన రాతి స్తంభం కట్టారు. అది ఇప్పటికీ హైకోర్టు ఆవరణలో ఉంది. 1894లో దీపాన్ని హైకోర్టు గోపురం మీదికి మార్చారు. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మనీ యుద్ధనౌక ఎమ్డెన్ గుండ్లు పేల్చి చమురు ట్యాంకులు తగలబెట్టినప్పుడు ఈ ఊరి దీపం ఆ గోపురం మీదే ఉండేది. 1977లో మెరీనాకి వచ్చింది.

తాతయ్య పుట్టింది జార్జిటౌన్లో. కుర్రతనంలో మిద్దె మీద పడుకుంటే గోపురం వెలుగు కనిపించేదట. "ఒకరోజు అది వెలగలేదురా. ఎందుకో మాకెవరూ చెప్పలేదు" అన్నారు.

తర్వాత మెరీనా లైట్‌హౌస్ పైకి లిఫ్టులో వెళ్ళాం. అందరూ సముద్రం చూస్తుంటే తాతయ్య ఉత్తరం వైపు నిలబడి వెతుకుతున్నారు. ఆయనకి చూపు సరిగా ఆనదు. ఎర్ర గోపురం ఎక్కడుందో నేనే వేలు పెట్టి చూపించాను.

సంవత్సరాలు పుస్తకంలో దొరుకుతాయి. ఆ మిద్దె మీది వెలుగు మాత్రం తాతయ్య దగ్గరే ఉంది. అందుకే రాసి పెట్టాను.