ఫోటోలో లేనివాళ్ళు

సూర్యాపేటకు రైలు లేదు. కోదాడకూ లేదు. అందువల్ల పాత రైలింజన్ల ఫోటోలు సేకరించే మిత్రులు ఈ దారిన ఆగరు. పాత యంత్రాలనూ, కూలిపోతున్న కట్టడాలనూ ఫోటో తీసే అలవాటు నాకూ ఉంది. కాని రైలు ఎందుకు రాలేదన్న ప్రశ్న వేసుకున్న తరువాతే నా ఫోటోలను నేను సరిగా చూడటం మొదలుపెట్టాను.

వాడి నుండి సికిందరాబాదుకు 1874లో రైలు నడిచింది. 1889 నాటికి ఆ మార్గం వరంగల్లు, ఖమ్మం మీదుగా బెజవాడ చేరింది. రైలు బొగ్గు ఉన్న వైపు పోయింది గాని మనుషులు నడిచే వైపు రాలేదు. హైదరాబాదు నుండి బెజవాడకు సూటి రోడ్డు మీదున్న సూర్యాపేట, కోదాడలు పక్కకు పడిపోయాయి. నిజాం రైల్వే 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించింది. రైలు పోని తావులకు రైల్వేవారు పంపింది బస్సునన్న మాట. ఆ కాలపు ఆల్బియన్ బస్సు ఒకటి హైదరాబాదు బస్‌భవన్‌లో ప్రదర్శనకు నిలిచింది. బస్సును భద్రపరిచాం, మంచిదే. ఆ 166 మందిలో ఒక్కరి పేరయినా నాకు తెలియదు.

సూర్యాపేట తాలూకాలో గడీలను ఫోటో తీయడం ఇంతకంటె ప్రమాదకరమైన పని. సాయంత్రపు ఎండ పడితే శిథిలమైన గడీ ఎంత అందంగా ఉంటుందో! చెక్కిన దర్వాజా, సున్నం రాలిన గోడ, గోడలో మొలిచిన రావి మొక్క. చూసేవాడు అయ్యో అంటాడు. ఎవరి కోసం ఈ అయ్యో? ఈ తాలూకాలోని ఎర్రపహాడు జన్నారెడ్డి దేశ్‌ముఖుల చేతిలో లక్షన్నర ఎకరాలుండేవని పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువడిన తన గ్రంథంలో రాశాడు. ఆ అంకె తెలియకుండా దర్వాజా అందాన్ని మెచ్చుకోవడమంటే వెట్టిని మరచిపోవడమే. నేనూ మెచ్చుకున్నవాణ్ణే, కాదనను.

1894లో నిజాం నుంచి ముసవ్విర్ జంగ్ బిరుదు పొందిన రాజా దీన్‌దయాళ్ తన కెమెరాను ఎక్కువగా రాజభవనాల వైపు, వేటల వైపు తిప్పాడు. అర్ధ శతాబ్దం తరువాత సునీల్ జానా తెలంగాణ వచ్చి తుపాకులు పట్టిన రైతులనూ స్త్రీలనూ తీశాడు. వాటిలో కొన్ని నిలబెట్టి తీసినట్టే కనిపిస్తాయి. కనిపించనీయండి. చరిత్రలో వాళ్ళను అలా నిలబెట్టినవాళ్ళు అంతకు ముందు ఎవరున్నారు?

ఇక మిర్యాలగూడ. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ నీళ్ళు వదిలారు. ఎడమకాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు వరి పొలాలయ్యాయి. వడ్లతోపాటు మిల్లులు పెరిగాయి. రైలు కూడా 1980లలో నడికుడి మార్గంతో మిర్యాలగూడకు వచ్చింది. తొలినాటి మిల్లుల్లో హల్లర్లుండేవి. గీతలున్న ఇనుప రోలరు జల్లెడ గూటిలో తిరుగుతుంటే, ఒరిపిడికి వడ్ల పొట్టు ఊడేది. నూకలు ఎక్కువ. ఊక, తవుడు కలిసిపోయేవి. తరువాత రబ్బరు రోలర్లు వచ్చాయి. తవుడు విడిగా వచ్చి నూనె మిల్లులకు ముడిసరుకయింది. పాత హల్లర్లు మూలపడ్డాయి.

అటువంటి మిల్లొకదాన్ని పడగొడుతున్నారని తెలిసి కెమెరాతో వెళ్ళాను. పైన పొడుగాటి ఇరుసు, దానికి కప్పీలు, వేలాడే తోలు బెల్టు. కప్పీ అంచు వాడకం వల్ల అద్దంలా నునుపెక్కి ఉంది. దాన్ని దగ్గరగా తీశాను. చాలా తృప్తి కలిగింది. పక్కన ఇనుము లెక్క పెట్టించుకుంటున్న ముసలి హమాలీ అన్నాడు: "సారూ, గా చెక్రం మంచిగ మెరుస్తది గని, మా తమ్ముని చెయ్యి గుంజుకపోయింది గదే. బెల్టు జారుతుందని జిగురు ఏస్తుండె. ఇంజన్ బంద్ చెయ్యలే."

ఎందుకు ఆపలేదని అడిగాను. ఆపితే మళ్ళీ తిప్పడానికి ఆయిలూ, టైమూ వృథా అని మిల్లువాళ్ళు ఊరుకోరట. నష్టపరిహారం సంగతి అడిగితే నవ్వాడు. బస్తా బియ్యం ఇచ్చారట.

నా దగ్గరున్న అందమైన ఫోటో అది. దాన్ని రెండు చోట్ల ప్రదర్శించాను కూడా. కింద 'పాత రైసుమిల్లు, మిర్యాలగూడ' అని మాత్రమే రాసి ఉంది. ఆ తమ్ముడి ఫోటో తీసుకుందామని మరుసటి నెల మళ్ళీ పోయాను. ఆయన కుడిచేతి చొక్కా మడిచి పిన్ను పెట్టుకున్నాడు. మిల్లు ముందు నిలబడమంటే ఒప్పుకోలేదు. మిల్లు లేదు కూడా, హల్లర్‌ను అప్పటికే కిలోల లెక్కన ఇనుము కొట్టుకు అమ్మేశారు. ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, "చెయ్యి గనపడేటట్టు తియ్యి" అన్నాడు. ఏ చెయ్యి అని నేను అడగలేదు.