వాగులో కలిసిన మందు, వాడకు చేరని వైద్యం

మెతుకుసీమ చరిత్ర అనంగానే మనోళ్లు కోట దగ్గర మొదలుపెట్టి, చర్చి దగ్గర కొంచెంసేపు నిలబడి, 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి పార్లమెంటుకు గెలిచిన సంగతితో ముగిస్తారు. ఆ చరిత్రలోకి ఎక్కని సంగతొకటి ఉంది. 1996-97లో కేంద్ర ప్రభుత్వం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని ప్రారంభించినప్పుడు దేశం మొత్తం మీద నాలుగు జిల్లాలను ఎంచుకుంది. తమిళనాడులో తిరుచ్చి, రాజస్థాన్‌లో సీకర్, అస్సాంలో నాగావ్, ఆంధ్రప్రదేశ్‌లో మెదక్. అప్పటి మెదక్ జిల్లాకు కేంద్రం సంగారెడ్డే. మనసుకు వైద్యం ఊరి దగ్గరే అందాలన్న సర్కారు ప్రయోగం మొదలైన తొలి చోట్లలో ఇదొకటి. మరి ఆ వైద్యం మాల మాదిగ వాడల్లోని, లంబాడి తండాల్లోని పోరగాండ్ల వైపు ఎంత దూరం నడిచింది, ఎక్కడ ఆగింది? ఈ వ్యాసంలో మేము వెతుకుతున్నది అదే.

అంతకుముందు ఉన్నది ఎర్రగడ్డ ఒక్కటే. నిజాం కాలంలో జాల్నాలో ఉన్న పిచ్చాసుపత్రి 1950లలో ఇక్కడికి మారింది. పటాన్‌చెరు నుంచి బస్సెక్కితే అదే బొంబాయి రోడ్డు మీద ఎర్రగడ్డ తగుల్తది. దూరం తక్కువే, కాని ఆ పేరు ఊళ్లో తిట్టుగా స్థిరపడింది. "వీన్ని ఎర్రగడ్డకు తోలాలె" అన్నాక ఆ మనిషికి పెళ్లి లేదు, పని లేదు, మాటకు విలువ లేదు. అసలే అంటరానివాడని పేరుపడ్డ ఇంట్లో ఈ రెండో పేరు కూడా పడితే ఏమైతదో మేము విడమరిచి చెప్పనక్కర్లేదు.

1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. 1985 నుంచి బెంగుళూరు నిమ్హాన్స్ డాక్టర్లు బళ్లారి జిల్లాలో ఒక పద్ధతిని నడిపి చూశారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని డాక్టరుకు, ఊళ్లు తిరిగే ఆరోగ్య కార్యకర్తకు శిక్షణ ఇవ్వాలి. కొద్ది రకాల మందులు అక్కడే దొరకాలి. కష్టమైన కేసుల్ని జిల్లా ఆసుపత్రి చూడాలి. మెదక్‌కు వచ్చింది ఈ బళ్లారి నమూనాయే. దీన్ని మేము చిన్నచూపు చూడటం లేదు. గొలుసుల నుంచి, గుళ్ల దగ్గరి కట్టుకొయ్యల నుంచి మనుషుల్ని విడిపించగల ఆలోచన అది.

అయితే ఆ నమూనాలో సమన్వయం అంటే ఆరోగ్యశాఖ తన లోపల తాను చేసుకునే సమన్వయమే. సబ్‌సెంటర్ నుంచి పీహెచ్‌సీకి, అక్కడి నుంచి జిల్లా ఆసుపత్రికి, అక్కడి నుంచి ఎర్రగడ్డకు. చిట్టీ పైకి పోతది, మనిషి వెనక్కొస్తడు. మా వాడల యువకుని బతుకు మాత్రం ఈ ఒక్క శాఖ గుండా నడవలేదు. సంక్షేమ హాస్టలు, ఫ్యాక్టరీ గేటు, కల్లు దుకాణం, కాలుష్య నియంత్రణ మండలి, పోలీస్ స్టేషను, వీటన్నిటి గుండా నడిచింది. వీళ్లందర్నీ ఒక్క బల్ల ముందు కూర్చోబెట్టే ఏర్పాటు ఆ కార్యక్రమం పుట్టుకలోనే లేదు. పడుచుపిల్లలకు ప్రత్యేకంగా ఏం చేయాలనే మాట, కాలేజీల్లో కౌన్సెలింగు, ఆత్మహత్యల నివారణ తర్వాతి ప్రణాళికల్లో వచ్చి చేరినయి.

ఈ బెల్టు ఎట్ల పుట్టిందో చూడాలి. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చింది. 1970ల మధ్య నుంచి పారిశ్రామికవాడ లేచింది. తర్వాత బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం, ఖాజీపల్లి. బల్క్ డ్రగ్ కంపెనీల మురుగు ఇసుకవాగు, నక్కవాగుల గుండా మంజీరకు చేరింది. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ కిషన్‌రావు లాంటివాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడితే, 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు ఎక్కితే, రైతులకు ఎకరం లెక్కన పంట నష్టం వచ్చింది. మంచిదే. కాని ఎకరమే లేనోనికి ఏ లెక్కన ఇస్తరు? ఆ పొలాల్లో నాట్లేసిన ఆడబిడ్డ, ఆ వాగులో చేపలు పట్టినోడు, గొడ్లు కాసిన పిల్లగాడు పట్టా లేక కాగితంలోకి రాలేదు. వాళ్ల కొడుకులే కాంట్రాక్టు కూలీలుగా అదే కంపెనీల రియాక్టర్ల దగ్గర నిలబడ్డరు.

2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. సుమారు 90 మందుల కంపెనీల మురుగును తీసుకునే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధయ్యాక బయటికొచ్చే నీళ్లను వాళ్లు పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందన్న సంగతి ప్రపంచమంతా మోగింది. యాంటీబయాటిక్ గురించే అందరూ మాట్లాడారు. అదే పట్టికలో సిటలోప్రామ్ కూడా ఉంది. అది దిగులు జబ్బుకు ఇచ్చే మందు. ఆ నీళ్ల వల్ల ఎవరి మనసుకు ఏమైందని మేము అనడం లేదు, ఆ అధ్యయనమూ అనలేదు. మేము చూపుతున్నది ఇంతే: మనోవ్యాధి మందు ఇక్కడే తయారై, దేశదేశాలకు పోయి, మిగిలింది మన వాగులో పారింది. మా పిల్లలకు మాత్రం డాక్టరు చీటీ మీద అందే దారి సరిగ్గా పడలేదు.

రెండో దారి కల్లుది. తెలంగాణ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, ఆల్ప్రజోలామ్ కలపడం పాత కథే. డైజీపామ్, ఆల్ప్రజోలామ్ ఆందోళనకు డాక్టర్లు కొలిచి ఇచ్చే మందులు. పన్నెండు గంటల షిఫ్టు దిగినోడు కొలత తెలియకుండా వాటినే సీసాల్లో తాగుతున్నడు. 2015లో సర్కారు కల్తీ కల్లు మీద దాడులు చేస్తే, నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్లు దొరక్క మనుషులు వణికి, ఫిట్స్ వచ్చి, మతి తప్పి ఆసుపత్రుల్లో పడ్డారు. 2020 లాక్‌డౌన్‌లో ఎర్రగడ్డకు మళ్లీ అదే వరద. ఎక్సైజు శాఖ దుకాణం మూసేముందు ఆరోగ్యశాఖకు చెప్పి మందులు సిద్ధం చేయించి ఉంటే ఎట్లుండేది? సమన్వయం అన్న పెద్ద మాటకు ఇంతకన్న సులువైన అర్థం మాకు తోచలేదు.

హాస్టలు సంగతి క్లుప్తంగా చెప్తాం. మాలో ఒకరు సంక్షేమ హాస్టల్లో చదివిన రోజుల్లో, రాత్రుళ్లు నిద్ర పట్టక లేచి కూర్చునే పిల్లవానికి వార్డెన్ చెప్పిన వైద్యం "ఇంటికి పో". ఆ పిల్లవాడు పోయాడు, మళ్లీ రాలేదు. 2016 జనవరి 17న హైదరాబాద్ యూనివర్సిటీలో రోహిత్ వేముల పోయాక కూడా, అతను దళితుడా కాదా అన్న విచారణకు ఉన్న ఓపిక, అతన్ని సస్పెండ్ చేసి హాస్టల్ నుంచి వెళ్లగొట్టిన రోజుల్లో ఏమనుభవించాడో అడగడానికి లేకపోయింది.

ఆస్ట్రేలియా ఆదివాసుల అనుభవం ఇక్కడ పనికొస్తది. సిడ్నీలోని రెడ్‌ఫర్న్‌లో 1971లో ఆదివాసులే ఒక వైద్యకేంద్రం పెట్టుకున్నారు. డాక్టర్లు బయటివాళ్లు ఉండొచ్చు, పెత్తనం మాత్రం సముదాయానిది. లాకప్పుల్లో, జైళ్లలో ఆదివాసుల మరణాల మీద 1987లో వేసిన రాయల్ కమిషన్ 99 చావులను పరిశీలించి 1991లో నివేదిక ఇచ్చింది. మనసు జబ్బును భూమి నుంచి, కుటుంబం నుంచి, లాక్కుపోయిన పిల్లల కథ నుంచి విడదీసి చూడొద్దని వాళ్లు పట్టుబట్టారు. దాంతో అంతా బాగుపడిందని కాదు. అక్కడి ఆదివాసీ యువకుల ఆత్మహత్యలు ఇప్పటికీ మిగతా జనం కన్న ఎక్కువే. కాని బల్ల ఎవరు వేయాలి, ఎవర్ని పిలవాలి అన్నది అక్కడ కొన్ని చోట్లనైనా వాళ్ల చేతిలో ఉంది. మన దగ్గర వాడ మనిషిని ఎప్పుడూ రోగిగానే పిలిచారు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్‌లో, కులం పేరుతో వివక్ష లేకుండా వైద్యం పొందడం హక్కని రాసుంది. 2022లో టెలిమానస్ నంబరు 14416 వచ్చింది, అదే ఏడు సంగారెడ్డిలో సర్కారు మెడికల్ కాలేజీ తెరిచారు. ఇవన్నీ 1996లో లేనివి. ఆ తొలి ఏళ్లలో మెదక్ జిల్లాలో శిక్షణ పొందిన ఏఎన్‌ఎంలు, హెల్త్ అసిస్టెంట్లు, పీహెచ్‌సీ డాక్టర్లు ఇంకా మన మధ్య ఉంటారు. వాడలోకి పోయారా, పోతే ఎవరు కూర్చోమన్నారు, రిజిస్టర్లో ఏం రాశారు, ఏం రాయకుండా వదిలేశారు? వాళ్లు రెండు పేజీలైనా రాసి పంపితే, ఈ చరిత్రలో మాకు దొరకని సగాన్ని వచ్చే సంచికలో అచ్చు వేస్తాం.