ఫాస్ఫీన్లు

బయటి వెలుతురు కంటిలో పడకుండానే కనిపించే మెరుపులు, చుక్కలు, గళ్లు, వలయాలను ఫాస్ఫీన్లు అంటారు. రెటీనా గానీ, మెదడు వెనుక భాగంలోని దృష్టి కేంద్రం గానీ వెలుగుతో నిమిత్తం లేకుండా ఉత్తేజితమైనప్పుడు ఇవి పుడతాయి.

మూసిన కంటి బయటి మూలను వేలితో మెల్లగా అదిమితే వెలుగు వలయం ముక్కు వైపున కనిపిస్తుంది. రెటీనాపై బింబం ఎప్పుడూ తారుమారుగానే పడుతుంది కాబట్టి, మెదడు ఆ ఒత్తిడిని ఎదుటి దిక్కు నుంచి వచ్చిన వెలుగుగా లెక్కగడుతుంది. చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే 1819లో ఈ ఆకృతులను బొమ్మలతో సహా వర్ణించాడు. 1968లో బ్రిటన్‌లో జైల్స్ బ్రిండ్లీ, వాల్‌పోల్ లెవిన్ చూపు కోల్పోయిన ఒక మహిళ మెదడుపై ఎలక్ట్రోడ్లు అమర్చి, విద్యుత్ ప్రేరణతో ఆమెకు వెలుగు చుక్కలు కనిపించేలా చేశారు. కృత్రిమ దృష్టి పరిశోధనకు ఇది కీలకమైన మలుపు.

ఫాస్ఫీన్‌లా అనిపించినా, కానిది ఒకటుంది. విశాఖపట్నం ఉక్కు కర్మాగారంలో 1990లో మొదలైన గోదావరి బ్లాస్ట్ ఫర్నేస్ వంటి కొలిమి నుంచి సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్ వేడితో ద్రవ ఇనుము జాలువారుతుంది. దాన్ని చూసి కళ్లు మూస్తే మిగిలే మచ్చ ఫాస్ఫీన్ కాదు; వెలుగు సోకినచోట రెటీనా వర్ణకం తాత్కాలికంగా తరిగి, స్పందన మారడం వల్ల ఏర్పడే అనుబింబం. చూపు తిప్పితే అదీ కదులుతుంది.

మామూలు ఫాస్ఫీన్లు హానిచేయవు. హఠాత్తుగా మెరుపులతోపాటు నల్లని తేలియాడే చుక్కలు, చూపుకు అడ్డంగా తెర కనిపిస్తే మాత్రం రెటీనా చిరిగిందేమోనని అదే రోజు పరీక్షించడం అత్యవసరం. ఇలాంటి పరీక్షకు విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ప్రాంగణం ఉన్నాయి.