ఆయుధముల ఆనవాళ్లు

యుద్ధము చేయు సైనికునికి ఎదుటనున్న ట్యాంకు ఏ జాతిదో తెలియవలెను. తెలిసిననే దానిని ఎచ్చట కొట్టవలెనో తెలియును. శాంతిరక్షణకై నియుక్తుడైన సైనికునికి కూడ ఆ విద్య అంతే ముఖ్యము. కాని ప్రయోజనము వేరు. అతడు దానిని కొట్టడు. అది ఏదో, ఎన్ని యున్నవో, ఏ దిక్కు నుండి ఏ దిక్కునకు పోయినవో వ్రాసికొని, ఆ వ్రాత క్రింద సంతకము చేయును. ఈ చిన్న విద్యపై ఎంత పెద్ద ఒడంబడికలు ఆధారపడినవో, అవి ఎచ్చట నిలిచినవో, ఎచ్చట కూలినవో చెప్పుట ఈ ప్రసంగము ఉద్దేశము.

ఐక్యరాజ్యసమితి పక్షమున సైనిక పరిశీలకులు మొదట 1948లో పాలస్తీనాకును, 1949 ఆరంభమున కాశ్మీరమునకును వెళ్లిరి. ఇట్టి పరిశీలకులు సాధారణముగా ఆయుధము ధరింపరు. దుర్భిణి, పటము, పెన్సిలు, కాగితము, వైర్‌లెస్ యంత్రము - ఇవే వారి సామగ్రి. "రాత్రి ట్యాంకులు వచ్చినవట" అనునది వదంతి. "ఉదయము 6 గంటల 10 నిమిషములకు, ఫలానా వంతెన మీదుగా, ఉత్తరము నుండి దక్షిణమునకు, టి-54 జాతి ట్యాంకులు నాలుగు పోయినవి" అనునది సాక్ష్యము. ఇందులో ఒక్క పేరు తప్పినను, ఎవరికి ఆ నివేదిక నచ్చదో వారు ఆ తప్పునే చూపి నివేదిక నంతయు త్రోసివేయుదురు.

ఇంతకు, ఈ జాతులను గుర్తించుట ఎట్లు? రంగును నమ్మరాదు, అంకెలను నమ్మరాదు, అవి ఒక్క రాత్రిలో మార్చదగినవి. ఆకారమును మాత్రమే నమ్మవలెను. పశువుల సంతలో అనుభవము గల రైతు గంటలను, పట్టెడలను చూడడు. కొమ్మును, మూపురమును, గిట్టను చూచును. విమానమును గుర్తించువాడు అట్లే రెక్క, యంత్రము, దేహము, తోక - ఈ నాలుగింటిని ఆ వరుసలో పరికించును. కొరియా యుద్ధమున రష్యా నిర్మితమైన మిగ్-15, అమెరికా నిర్మితమైన సేబర్ ఎదురెదురుగ పోరాడినవి. రెండును జెట్ విమానములే. రెండింటి రెక్కలును వెనుకకు వాలియుండును. రెండును ముక్కుతోనే గాలిని పీల్చుకొనును. దూరము నుండి చూచినవారికి కవల పిల్లలవలె తోచును. కాని మిగ్ తోకయందలి అడ్డరెక్క నిలువు తోకకు పైభాగమున నుండును. సేబర్‌కు అది క్రింద, దేహము నంటియుండును. ఇక మిగ్-15కును, దాని తమ్ముడగు మిగ్-17కును భేదము తెలియవలెనన్న రెక్కపై గాలికట్టలు లెక్కింపవలెను. మొదటిదానికి ఒక్కొక్క రెక్కపై రెండు, రెండవదానికి మూడు.

ట్యాంకులలో చక్రములు సాక్ష్యమిచ్చును. టి-34కును, టి-54కును ప్రక్కకు ఐదేసి పెద్ద చక్రములే. కాని టి-54లో మొదటి చక్రమునకును రెండవ చక్రమునకును నడుమ ఎడము స్పష్టముగ హెచ్చు. పైభాగమును గుడ్డతో కప్పినను, కొమ్మలతో మరుగుపరచినను చక్రముల నడుమ ఎడము మారదు.

ఈ విద్య అంతర్జాతీయ న్యాయమునకు పునాదిగ ఏర్పడినది కొరియాలో. 1953 జూలై 27న యుద్ధవిరామపు ఒడంబడికపై సంతకములైనవి. దాని 13వ పేరాలో ఒక నిబంధన కలదు. కొరియాలోనికి కొత్త ఆయుధబలమును తేరాదు. ఉన్న విమానము, సాయుధ శకటము, తుపాకి పాడైనచో, ఒకటికి ఒకటిగా, అదే జాతిది, అంతే శక్తి గలది మాత్రమే తేవచ్చును. దీనిని కనిపెట్టుటకు తటస్థ రాజ్యముల పర్యవేక్షణ సంఘము నెలకొన్నది. స్వీడను, స్విట్జర్లాండులను ఒక పక్షమును, పోలండు, చెకోస్లొవేకియాలను రెండవ పక్షమును ఎన్నుకొన్నవి. భారతదేశము ఈ సంఘమున లేదు; జనరల్ తిమ్మయ్య అధ్యక్షత వహించినది యుద్ధఖైదీలకు సంబంధించిన వేరొక సంఘము. ఉత్తరమున ఐదు, దక్షిణమున ఐదు ప్రవేశస్థానములలో తనిఖీ బృందములు కూర్చున్నవి. ఇంచన్, పుసాన్ రేవులలో దిగు ప్రతి తుపాకిని, సినైజు రైలు స్టేషనులో ఆగు ప్రతి పెట్టెను లెక్కింపవలెను.

కాగితముపై ఈ ఏర్పాటు లోపము లేనిదిగ తోచును. ఆచరణలో మొదటి చిక్కు పెట్టెలతో వచ్చినది. విప్పి పెట్టెలో సర్దిన విమానమునకు రెక్క లేదు, తోక లేదు. ఆకారమే లేనిచోట ఆనవాలు ఎక్కడిది? 1953 సెప్టెంబరు 21న నో కుమ్ సోక్ అను ఉత్తర కొరియా వైమానికుడు మిగ్-15 నడుపుకొని దక్షిణమున కింపో విమానాశ్రయమున దిగెను. యుద్ధవిరామానంతరము విమానములు పెట్టెలలో ఉత్తరమునకు చేరినవని అతడు చెప్పెను. తమకు చూపినవే తప్ప తాము కోరినవి చూడజాలకున్నామని స్వీడను, స్విట్జర్లాండు అధికారులు ఉత్తరమును గూర్చి మొరపెట్టిరి. దక్షిణమున సరకంతయు పెద్ద రేవుల గుండ వచ్చుచుండెను గనుక, పోలండు, చెక్ అధికారుల కన్నులకు అది ఎదురుగనే పడుచుండెను. చట్టము ఇరువురికి సమానమే. చూపు మాత్రము సమానము కాదు. 1956 జూన్‌లో తనిఖీ బృందములు ప్రవేశస్థానములను వీడవలసివచ్చినది. 1957 జూన్ 21న ఐక్యరాజ్యసమితి సేనాధిపత్యము ఆ నిబంధనకు తాము ఇక కట్టుబడియుండమని ప్రకటించెను. 1958 జనవరిలో అణ్వస్త్రములు ప్రయోగింపగల ఫిరంగులు, క్షిపణులు దక్షిణ కొరియాకు చేరినవి.

ఇట్టి భారమే 1954లో మన దేశముపై పడినది. ఆ యేడు జూలైలో జెనీవాలో కుదిరిన ఒప్పందములను అనుసరించి, వియత్నాం, లావోస్, కంబోడియాలలో అంతర్జాతీయ సంఘములు ఏర్పడినవి. అన్నిటికి భారతదేశమే అధ్యక్షత వహించెను. కెనడా, పోలండులు సభ్యులు. వియత్నాం ఒప్పందపు 17వ అధికరణము కొరియా నిబంధనకు తోబుట్టువు: ఒకటికి ఒకటి, అదే జాతిది, అట్టి లక్షణములు గలది. ఉత్తరమున హైఫాంగ్, లావోకే మొదలుగా ఏడుచోట్ల, దక్షిణమున సైగాన్, టురేన్ మొదలుగా ఏడుచోట్ల మూడు దేశముల అధికారులతో కూడిన స్థిరబృందములు ఉండునట్లు నిర్ణయమైనది.

"అట్టి లక్షణములు" అన్న రెండు మాటల వెనుక ఎంత వాదమున్నదో ఒక ఉదాహరణము చెప్పెదను. ఫ్రెంచివారు వదలిన బేర్‌క్యాట్ అను పాత యుద్ధ విమానములు దక్షిణ వియత్నాం వద్ద ఉండెను. 1960లో వాని స్థానమున అమెరికా నుండి స్కైరైడర్ విమానములు వచ్చినవి. రెండింటికి ఒకే యంత్రము, ముందు ప్రొపెల్లరు. జెట్ ఏదియు కాదు. ఆ మాత్రము చూచినవాడు జాతి ఒక్కటే యనును. కాని స్కైరైడర్ మూడు టన్నులకు మించి బాంబులు మోయగలదు. బేర్‌క్యాట్ అందులో సగము కూడ మోయలేదు. ఒకటికి ఒకటి సరిపోయినది. కాని బలము సరిపోయినదా? ఇచ్చట ఆకారము తెలిసినంత మాత్రమున చాలదు. బలము కూడ తెలియవలెను.

1961 డిసెంబరు 11న సైగాన్ నదిలోనికి 'కోర్' అను అమెరికా ఓడ వచ్చి, నగరము నడిబొడ్డున రేవు కట్టెను. దాని పైతట్టుపై ముప్పదికి మించి హెచ్-21 హెలికాప్టర్లు. ముందొకటి వెనుకనొకటి రెండు చక్రభ్రమణములు, నడుమ వంగిన దేహము. ఎగిరెడు అరటిపండని దానికి ముద్దుపేరు. ఇంత స్పష్టమైన ఆనవాలు గల యంత్రము మరియొకటి లేదు. నగరమంతయు చూచినది. కాని తెలిసికొనుట వేరు, తనిఖీ చేయుట వేరు. ఆ నెల మొదలుకొని దక్షిణమున బృందములకు తనిఖీహక్కు పదేపదే నిరాకరింపబడెను. సంఘము తన నివేదికలో తాను "తనిఖీ చేసినవి" వేరుగను, "చూచితిమి గాని తనిఖీ చేయనీయలేదు" అన్నవి వేరుగను లెక్క వ్రాయవలసివచ్చెను.

ఉత్తరము నుండి వచ్చు బలము ఓడపై రాలేదు. అడవిదారుల గుండ, మనుష్యుల భుజములపై, రాత్రివేళ వచ్చినది. రేవులో కూర్చున్న స్థిరబృందమునకు అది కనబడునది కాదు. పట్టుబడిన మనుష్యులను, ఆయుధములను, పత్రములను పరిశీలించి న్యాయోపసంఘము నిర్ణయము చేయవలసివచ్చెను. 1962 జూన్ 2వ తేదీ ప్రత్యేక నివేదికలో, భారత, కెనడా ప్రతినిధులు ఉత్తరము మనుష్యులను, ఆయుధములను దక్షిణమునకు పంపినదనియు, దక్షిణము హద్దుమీరి సైనిక సాహాయ్యము పొందినదనియు, ఇరువురిని తప్పుపట్టిరి. ఉత్తరమును గూర్చిన భాగముతో పోలండు విభేదించెను. ఒక్క పక్షమునే తప్పుపట్టుట సులభము. ఆ పక్షమునకు శత్రువైనవారు మెచ్చుకొందురు. ఇరువురిని తప్పుపట్టిన సాక్షిని ఎవ్వరును మెచ్చుకొనరు. ఆ నివేదిక యుద్ధము నాపలేదు. కాని వియత్నాం యుద్ధచరిత్ర వ్రాయువారు ఆ పుటలను నేటికిని తెరవవలసియున్నది.

గుర్తించుటతోనే ముగియక, ప్రాణములతో ముడిపడిన సందర్భము కాంగోలో కలిగినది. 1961 సెప్టెంబరులో కటంగా పక్షమున ఒకే ఒక ఫూగా మాజిస్టర్ జెట్ విమానము ఎగురుచుండెను. అది ఫ్రెంచి శిక్షణ విమానము. తోక వి ఆకారమున రెండుగ విచ్చుకొనియుండుట దాని ఆనవాలు. శాంతిసేనకు ఆనాడు యుద్ధ విమానము లేదు. ఆ ఒక్క విమానమే జడోట్‌విల్‌లో చిక్కిన ఐర్లండు దళముపై దాడి చేసెను. దానికి వెరచియే కార్యదర్శి డాగ్ హామర్‌షెల్డ్ విమానము సెప్టెంబరు 17 రాత్రి చుట్టుదారి పట్టెను. ఎండోలా సమీపమున కూలి ఆయన మరణించెను. పిదప భారత కాన్‌బెర్రాలు, స్వీడను, ఇథియోపియా జెట్ విమానములు కాంగో చేరినవి. డిసెంబరులో మన కాన్‌బెర్రాలు కోల్వేజీ విమానాశ్రయముపై దాడి సల్పినవి. అచ్చట నిలిచియున్నది యుద్ధ విమానమో, ప్రయాణికుల విమానమో పై నుండి చూచి తేల్చుకొనవలసిన భారము వైమానికునిది. పొరపడినచో శాంతిసేనయే నిర్దోషులను చంపినదగును.

ఇట్టి కొలువు నిరపాయమైనదని తలపరాదు. 1965 అక్టోబరు 18న అంతర్జాతీయ సంఘపు విమానము లావోస్ రాజధాని వియన్‌టియాన్ నుండి హనోయికి పోవుచు మార్గమధ్యమున అదృశ్యమయ్యెను. అందున్న 13 మందిలో భారతీయులు, కెనడావారు, పోలండువారు కలరు. వారు ఏ పక్షమునకును శత్రువులు కారు. వియత్నాంలో ఆ సంఘము 1973 వరకు పనిచేసెను.

రెక్కలు, చక్రములు, తోకలు నేర్చుకొనుటకు కొన్ని వారములు చాలును. నేర్చిన చూపును ఇరువైపుల ఒకే తీరున ప్రసరింపజేయుట కష్టము. ఆ చూపునకు తలుపు తెరుచు హక్కు సంపాదించుట అంతకంటె కష్టము. కొరియాలో పెట్టె మూత తీయనీయనందున, సైగాన్‌లో ఓడ మెట్లు ఎక్కనీయనందున ఒడంబడికలు చెడినవి గాని, పరిశీలకులకు ఆనవాళ్లు తెలియక కాదు. శాంతి ఒప్పందము వ్రాయువారు ఆయుధముల పట్టికతోపాటు, ఆ పెట్టె మూత ఎవరు తీయవలెనో, తీయనీయనిచో ఏమి చేయవలెనో కూడ స్పష్టముగ వ్రాయవలెనని ఈ చరిత్ర చెప్పుచున్నది.