రెండు టెస్టుల రామస్వామి

నలుబదియేండ్లు వచ్చినవానిని మన పల్లెలలో ఆటకు రమ్మని ఎవ్వరును పిలువరు. మా విస్సన్నపేటలో ఆ యీడువాడు మామిడితోట గుత్తకు బేరమాడుచుండును గాని బంతి వెంట పరుగిడడు. అట్టి వయసున, దేశము పక్షమున మొట్టమొదటిసారి క్రికెట్టు టెస్టు ఆడిన తెలుగువాని కథను నేడు మీకు మనవి చేయుదును. ఆయన పేరు కోటా రామస్వామి.

ఆయన 1896లో మద్రాసున జన్మించెను. తండ్రి బుచ్చిబాబు నాయుడు మైలాపూరు లజ్ ప్రాంతమున కాపురముండిన తెలుగు దుబాసీల వంశమువాడు. దొరల క్లబ్బులో మనవారికి ప్రవేశము లేని కాలమున, 1888లో, దేశీయులకై మద్రాసు యునైటెడ్ క్లబ్బును నెలకొల్పినవాడాయనయే. కడపటి కుమారుడైన రామస్వామి దత్తు పోయినందున ఇంటిపేరు కోటా అయినది. చదువునకై కేంబ్రిడ్జి పోయి, 1922లో టెన్నిసు డేవిస్ కప్పు పోటీలో భారతదేశము తరఫున ఆడెను. క్రికెట్టులో పిలుపు వచ్చుటకు మఱి పదునాలుగేండ్లు పట్టినది.

ఆ పిలుపు వచ్చినది 1936 ఇంగ్లండు యాత్రకు. జట్టు నాయకుడు విజయనగరము మహారాజకుమారుడు విజయానంద గజపతిరాజు. ఆ జట్టులో సఖ్యము లేదు. మేటి ఆటగాడగు లాలా అమర్‌నాథును మొదటి టెస్టునకు ముందే ఓడ యెక్కించి ఇంటికి పంపివేసిరి! ఆ టెస్టులో మనవారు ఓడిరి. రెండవది జూలైలో మాంచెస్టరున జరిగెను. మనవారు 203 పరుగులకు కూలగా, ఇంగ్లండువారు ఎనిమిది వికెట్లకు 571 చేసి చాలించిరి. ఇన్నింగ్సు ఓటమి తప్పదనుకొనిన తరుణమున మర్చెంటు, ముస్తాక్ అలీ తొలి వికెట్టునకు 203 పరుగులు కూర్చిరి. పిదప వచ్చిన రామస్వామి ఎడమచేతి వాటమున నిబ్బరముగా నాడి 60 చేసెను. తొలి ఇన్నింగ్సులో ఆయనవి 40. మనవారు అయిదు వికెట్లకు 390 చేయగా ఆట సమముగా ముగిసినది. తరువాత ఓవల్ మైదానమున ఓడిపోయిన మూడవ టెస్టులో ఆయన చేసినవి 29, మఱియు అవుటు గాక 41.

నాలుగు ఇన్నింగ్సులు, 170 పరుగులు, సగటు 56.66. నాయకుడు మూడు టెస్టులలో ఆరు ఇన్నింగ్సులాడి కూర్చినవి 33 మాత్రమే. సంస్థానాధీశుల పలుకుబడి ఆనాడు ఆటస్థలమున నెంత పనిచేసెనో ఈ లెక్కయే చెప్పును. విజయనగరము మన సీమదే యైనను ఈ మాట దాచుట నాకిష్టము లేదు.

ఇంత బాగుగ నాడినవానిని మరల ఏల పిలువలేదని మీరడుగవచ్చును. పిలుచుటకు ఆటయే లేకపోయెను. నడుమ ప్రపంచయుద్ధము వచ్చి, భారతజట్టు మరల టెస్టు ఆడినది 1946లోనే. అప్పటికి రామస్వామికి యేబదియేండ్లు. ముప్పదవ యేట టెస్టు ఆడవలెనన్నను వీలు లేదు; మన దేశపు తొలి టెస్టే 1932లో జరిగినది. ఆయన చేతిపాటవము ముందే పండినది, దేశమునకు అంగడి ఆలస్యముగా తెరచిరి.

1953లో వెస్టిండీసు దీవులకు వెళ్లిన మన జట్టునకు ఆయన మేనేజరుగా పోయెను. ఇంగ్లీషున ఆత్మకథయు వ్రాసెను. ఎనుబదితొమ్మిదవ యేట, 1985 అక్టోబరులో, మద్రాసులోని యిల్లు వెడలి బయటికి పోయిన రామస్వామి మరల తిరిగి రాలేదు.