లోడు మీద మనిషి

2023 సెప్టెంబరు 11 తెల్లవారుజామున నాట్రంపల్లి దగ్గర బెంగళూరు–చెన్నై హైవే మీద ఒక వ్యాను ఆగింది. టైరు పంక్చరైంది. అందులో ఉన్నవాళ్ళు ఆంబూరు ప్రాంతపు పల్లెవాళ్ళు. ధర్మస్థల యాత్ర ముగించుకుని ఇళ్ళకు తిరిగి వస్తున్నారు, ఇంకో గంట కూడా పట్టని దూరం. టైరు మార్చేదాకా దిగి వ్యాను దగ్గరే కూర్చున్నారు. వెనక నుంచి వచ్చిన మినీ లారీ ఆగి ఉన్న ఆ వ్యానును గుద్దింది. ఏడుగురు ఆడవాళ్ళు చనిపోయారు.

ఇలాంటి ప్రమాదం జరిగిన రోజే ప్రభుత్వాలు సాయం ప్రకటిస్తాయి, నాయకులు వచ్చి పలకరించి వెళతారు. అది దయతో ఇచ్చే డబ్బు. ఆ కుటుంబాలకు చట్టం ప్రకారం రావలసింది వేరే ఉంటుందని చాలా ఇళ్ళలో తెలియదు. సాయం అందింది కదా, ఇక కేసెందుకు అని ఊరుకునేవాళ్ళూ ఉన్నారు. లారీ కింద పడి మనిషి పోతే మిగిలినవాళ్ళకు ఏ హక్కుంది, ఎవరు కట్టాలి, ఎంత కట్టాలి అన్న ప్రశ్నలకు మన దేశంలో జవాబు రూపు కట్టడానికి నూట డెబ్బై ఏళ్ళు పట్టింది. ఇప్పటికీ అది పూర్తి కాలేదు.

కథ లారీతో కాదు, రైలుతో మొదలవుతుంది. మనిషి చచ్చిపోతే అతని దావా కూడా అతనితోనే పోతుందని పాత ఇంగ్లీషు న్యాయం అనేది. కాలు విరిగినవాడు కోర్టుకు వెళ్ళొచ్చు, ప్రాణం పోయినవాడి భార్య వెళ్ళకూడదు. వినడానికే బాధగా ఉంటుంది గానీ శతాబ్దాల పాటు అదే చెల్లింది. రైళ్ళు వచ్చి ఒక్కో ప్రమాదంలో పదుల మంది పోవడం మొదలయ్యాక 1846లో ఇంగ్లండు ఆ పద్ధతిని మార్చింది. దాన్ని అనుసరించి 1855లో మన దేశానికి ఫేటల్ యాక్సిడెంట్స్ యాక్ట్ వచ్చింది. భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లలు దావా వేయొచ్చని అది చెప్పింది. మరుసటి ఏడాదే, 1856లో, దక్షిణాదిలో మొదటి రైలు రాయపురం నుంచి వాలాజా దాకా, మన ఉత్తర ఆర్కాటు నేల మీద నడిచింది. రైలు కన్నా ఒక ఏడు ముందే హక్కు కాగితం మీద ఉంది. అయితే దావా మామూలు సివిల్ కోర్టులో వేయాలి, కోర్టు ఫీజు కట్టాలి, తప్పు అవతలివాడిదేనని సాక్ష్యాలతో రుజువు చేయాలి. కూలివాడి భార్యకు ఇందులో ఏ ఒక్కటీ అందేది కాదు.

ఎంత ఆలస్యమయ్యేదో తెలియాలంటే మద్రాసు రాష్ట్రపు కేసు ఒకటి చాలు. 1947లో ధారాపురం–పళని దారిలో గోబాల్డ్ మోటార్ సర్వీస్ వారి బస్సు ప్రమాదంలో ఒక మనిషి చనిపోయాడు. ఆ కుటుంబం వేసిన దావా సుప్రీంకోర్టులో తేలింది 1961లో. తీర్పు రాసింది మన రాజమండ్రి వాడు, తరువాత భారత ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు. పోయిన మనిషి బతికి ఉంటే ఇంటికి ఎంత ఇచ్చేవాడో లెక్క కట్టి, అందులో తగ్గించవలసింది తగ్గించి, కుటుంబానికి నష్టం ఎంతో తేల్చే పద్ధతిని ఆ తీర్పు మన న్యాయంలో పాదుకొల్పింది. పద్ధతి మంచిదే. కానీ తండ్రి పోయిననాడు పుట్టిన బిడ్డకు తీర్పు వచ్చేనాటికి దాదాపు పద్నాలుగేళ్ళు.

1939 మోటారు వాహనాల చట్టం అసలు మలుపు. బండి రోడ్డెక్కాలంటే ఇతరులకు జరిగే హానికి బీమా ఉండి తీరాలని అది చెప్పింది. మనం థర్డ్ పార్టీ అని పిలుచుకునేది అదే. అయితే ఆ నిబంధన అమల్లోకి వచ్చింది 1946 జూలై 1న, యుద్ధం ముగిశాక. అంతదాకా లారీ ఓనరుకు ఆస్తి ఉంటే డబ్బు వచ్చేది, లేకపోతే డిక్రీ కాగితమే మిగిలేది.

లారీకి ఆ చట్టం పెట్టిన హద్దు ఇరవై వేల రూపాయలు. ఎంతమంది పోయినా మొత్తం అంతేనని బీమా కంపెనీలు చదువుకున్నాయి. 1969 సవరణ దాన్ని 50,000కు, 1982 సవరణ 1,50,000కు పెంచింది. ఈలోగా గుజరాత్‌లో ఒక లారీ ప్రమాదం కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1981లో ఆ కోర్టు ప్రమాదాన్ని దెబ్బ తిన్నవాడి వైపు నుంచి చూసింది. ఒకే గుద్దుడులో నలుగురికి దెబ్బ తగిలితే నలుగురికీ నాలుగు ప్రమాదాలు జరిగినట్టేనని, హద్దు ఒక్కొక్కరికీ విడివిడిగా వర్తిస్తుందని తేల్చింది. చట్టంలో ఒక్క మాటా మార్చకుండా, మాటను చదివే చోటు మార్చి చేసిన న్యాయం అది. నాకు ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికన్నా నచ్చిన తీర్పు అదే.

1956 సవరణతో క్లెయిమ్స్ ట్రిబ్యునళ్ళు వచ్చాయి. సివిల్ కోర్టు గడప తొక్కనవసరం లేకుండా చిన్న ఫీజుతో అర్జీ పెట్టుకోవచ్చు. తమిళనాడు కోర్టుల్లో ఈ అర్జీని ఎం.సి.ఓ.పి. అంటారు. ఇక్కడి తెలుగు ఇళ్ళలోనూ ఆ మాటే వాడుక, దాన్ని విడమరిచి ఎవరూ చెప్పరు. ‘ఎంసీఓపీ వేసినాము’ అంటే అందరికీ అర్థమవుతుంది.

తప్పు రుజువు చేయాలన్న షరతు మాత్రం పోలేదు. 1977లో సుప్రీంకోర్టు దాన్ని మళ్ళీ గట్టిగా చెప్పింది. రాత్రి రెండు గంటలకు నిర్మానుష్యమైన రోడ్డు మీద లారీ గుద్దితే చూసినవాడెవరు? చూసినవాడు చనిపోయినవాడే. ఈ అన్యాయాన్ని పోగొట్టడానికి 1982లో తప్పుతో పనిలేకుండా ఇచ్చే పరిహారం చట్టంలోకి వచ్చింది. చావుకు 15,000, శాశ్వత అంగవైకల్యానికి 7,500. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోతే చావుకు 5,000. ఆ అంకెలు ఇప్పుడు చదివితే మనసు చివుక్కుమంటుంది. ఆ తరువాత 1988లో కొత్త చట్టం వచ్చి, 1989 జూలై 1 నుంచి అమలై, బయటివాళ్ళ ప్రాణాల విషయంలో బీమా కంపెనీ బాధ్యతకు ఉన్న హద్దును తీసేసింది. ట్రిబ్యునల్ ఎంత తేలిస్తే అంతా కంపెనీ కట్టాలి.

1994 సవరణ గురించి ఇక్కడివాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. అంతకుముందు ప్రమాదం ఎక్కడ జరిగితే కేసు అక్కడే వేయాలి. నాట్రంపల్లికి ఒక వైపు కుప్పం, మరో వైపు కృష్ణగిరి, దాని మీదుగా బెంగళూరు దారి. ఇక్కడ గుద్దే లారీ కర్ణాటక నంబరుది కావచ్చు, డ్రైవరు నామక్కల్ వాడు కావచ్చు, దెబ్బ తిన్న మనిషి కుప్పం పల్లెవాడు కావచ్చు. కూలికి హోసూరు పోయి అక్కడ దెబ్బ తిన్న గుడియాత్తం మనిషికి అక్కడి కోర్టు, ఇక్కడి ఇల్లు. 1994 తరువాత బాధితుడు తానుండే చోటి ట్రిబ్యునల్‌లోనే అర్జీ పెట్టుకోవచ్చు. కుప్పం ఆమె చిత్తూరు జిల్లాలోనే, తన భాషలోనే సాక్ష్యం చెప్పొచ్చు. మూడు రాష్ట్రాలు కలిసే చోట ఇంత పెద్ద మేలు ఇంకొకటి జరగలేదని నా నమ్మకం. ఎంతమంది దీన్ని వాడుకుంటున్నారు అన్నది వేరే విషయం. ప్రమాదం జరిగిన ఊళ్ళోనే వకాలత్తు మీద సంతకం పెట్టేసి, తరువాత వాయిదా వాయిదాకూ బస్సెక్కి వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

డబ్బు లెక్క కట్టడం చాలాకాలం జడ్జిని బట్టి మారేది. సుప్రీంకోర్టు 2009లో ఇచ్చిన సరళా వర్మ తీర్పు, 2017లో ఇచ్చిన ప్రణయ్ సేథీ తీర్పు దాన్ని ఒక దారికి తెచ్చాయి. ఆంబూరు చెప్పుల ఫ్యాక్టరీలో నెలకు పదివేలు తెచ్చే 38 ఏళ్ళ మనిషిని ఊహించండి. శాశ్వత ఉద్యోగం కాదు, ఇంట్లో అతని మీద ఆధారపడినవాళ్ళు నలుగురు. ముందు ముందు సంపాదన పెరిగేది కాబట్టి నలభై శాతం కలుపుతారు, నెలకు 14,000 అవుతుంది. ఏడాదికి 1,68,000. బతికి ఉంటే తనకోసం ఖర్చు పెట్టుకునేది నాలుగో వంతు తీసేస్తే 1,26,000. ఏడాది మొత్తాన్ని వయసును బట్టి హెచ్చించే గుణకం అతనికి 15. మొత్తం 18,90,000. దీని మీద అంత్యక్రియలకు, భార్యాబిడ్డలు కోల్పోయిన తోడుకు విడిగా కొంత కలుస్తుంది. అదే మనిషి ఆదాయం ఆరువేలేనని కంపెనీ వకీలు ఒప్పించగలిగితే మొత్తం 11,34,000కు పడిపోతుంది. అందుకే జీతం చీటీ, బ్యాంకు పాస్‌బుక్కు, కూలిపని చేయించిన మేస్త్రీ సాక్ష్యం విలువైనవి. ఏ కాగితమూ లేని కూలివాళ్ళను కూడా సుప్రీంకోర్టు వదిలెయ్యలేదు. కర్ణాటక నుంచి వెళ్ళిన కేసుల్లో 2011లో ఒక కూలీకి నెలకు 4,500, 2014లో కూరగాయలు అమ్ముకునే ఒకతనికి 6,500 ఆదాయాన్ని, రుజువు లేకపోయినా, నమ్మదగినదిగా ఒప్పుకుంది. ఇంట్లో వంటా వార్పూ చూసుకునే ఆడమనిషి పనికీ విలువ కట్టాలని 2021లో జస్టిస్ ఎన్.వి.రమణ ప్రత్యేకంగా రాశారు. కృష్ణా జిల్లా పల్లెలో పుట్టిన మనిషి ఆ మాట రాయడం నాకు సంతోషం కలిగించింది. నాట్రంపల్లి దగ్గర చనిపోయినవాళ్ళందరూ ఆడవాళ్ళేనని చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ తీర్పే.

ఆగి ఉన్న బండిని మరో బండి గుద్దితే తప్పు ఎవరిదన్న వాదన తప్పకుండా వస్తుంది. తప్పు ఇద్దరు డ్రైవర్లదీ అని తేలినా, ఆ తప్పులో పాలు లేని ప్రయాణికుల కుటుంబం ఆ ఇద్దరిలో ఎవరి దగ్గరైనా మొత్తం వసూలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. పంపకాలు తరువాత వాళ్ళూ వాళ్ళూ తేల్చుకోవాలి.

డ్రైవరు లైసెన్సు సరిగా లేదని చెప్పి తప్పుకోవడం బీమా కంపెనీల పాత అలవాటు. 1987లో తేలిన కేసులో డ్రైవరు ఇంజను ఆపకుండా చిరుతిండి కోసం దిగాడు, క్లీనర్ బండి నడిపాడు, మనిషి పోయాడు. క్లీనర్‌కు లైసెన్సు లేదు. ఓనరు తన వంతు జాగ్రత్త తాను తీసుకున్నప్పుడు ఆ సాకుతో బాధితుడి నోరు కొట్టడానికి వీల్లేదని కోర్టు అంది. 2004లో ఇది స్థిరపడింది. ముందు కంపెనీ బాధితులకు కట్టాలి, ఓనరు తప్పు చేశాడని రుజువైతే ఆనక అతని దగ్గర రాబట్టుకోవాలి.

ఇంత వెడల్పు చేసిన చట్టం ఒక మనిషి దగ్గర ఆగిపోయింది. లోడు మీద కూర్చున్న మనిషి. మా వైపు మామిడి కాలంలో కాయల మీద కూలీలు కూర్చుని వెళతారు, పెళ్ళిళ్ళకు, తిరునాళ్ళకు మినీ లారీలో జనం నిలబడి వెళతారు. గూడ్సు బండి సరుకు కోసమేనని చట్టం అనుకుంటుంది. అందులో ఎక్కినవాళ్ళకు కూడా 1988 చట్టం కింద బీమా ఉందని సుప్రీంకోర్టు 1999లో చెప్పింది. కూలీల ఇళ్ళలో అది పెద్ద ఊరట. 2002లో అంతకన్నా పెద్ద బెంచి ఆ తీర్పును కొట్టేసింది. 1994 సవరణ బీమాలో చేర్చింది సరుకు సొంతదారుణ్ణి, అతని తరఫున వచ్చినవాణ్ణి మాత్రమేనని, ఊరికే ఎక్కినవాళ్ళు అందులోకి రారని వివరించింది. అంటే ఒకే లారీలో వెళుతూ పోయిన ఇద్దరిలో కాయల యజమాని ఇంటికి పరిహారం వస్తుంది, కిరాయి పది రూపాయలిచ్చి ఎక్కినవాడి ఇంటికి బీమా రాదు. ఓనరు మీద డిక్రీ వస్తుంది. ఆ ఓనరుకు ఒక్క లారీ, దాని మీద ఫైనాన్సు అప్పు.

లారీలో పోయే డ్రైవరు, క్లీనర్ల మాట కూడా మనం తక్కువగా చెప్పుకుంటాం. వాళ్ళ కోసం 1923 నాటి వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం ఉండేది. తప్పు తమదైనా పనిలో పోతే పరిహారం వస్తుందన్నది అందులోని గొప్పతనం. హమాలీల కోసం కొద్దిపాటి అదనపు ప్రీమియం కట్టి పాలసీలో వాళ్ళను చేర్చుకునే వీలుంది. కొన్ని వందల రూపాయల దగ్గర ఓనర్లు వెనక్కి తగ్గుతారు. ఆ వందలు మిగుల్చుకున్నందుకు తరువాత లక్షల డిక్రీ మోస్తారు.

2019 సవరణ రెండు వైపులా పని చేసింది. 2022 ఏప్రిల్ 1 నుంచి తప్పుతో పనిలేని పరిహారం చావుకు 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు అయింది. గుద్ది పారిపోయిన బండి కేసులో చావుకు 25,000 ఉన్నది 2 లక్షలైంది. కానీ అదే రోజు నుంచి, ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపే అర్జీ వేయాలన్న గడువు తిరిగొచ్చింది. 1994లో పూర్తిగా తీసేసిన గడువు అది. మొదటి ఆరు నెలలు ఆ ఇంటికి ఎలా గడుస్తాయో తెలిసినవాళ్ళెవరూ ఇలాంటి గడువు పెట్టరు. ఆసుపత్రి, కర్మ, ఏడాది లోపు చేయాల్సినవి, అప్పులవాళ్ళు. వకీలు దగ్గరికి వెళ్ళే తీరిక వచ్చేసరికి గడువు దాటిపోయి ఉంటుంది. దీని మీద పిటిషన్లు సుప్రీంకోర్టులో ఉన్నాయి. ఆరు నెలలు దాటిందన్న ఒక్క కారణంతో అర్జీలు కొట్టేయవద్దని 2025 నవంబరులో ఆ కోర్టు ట్రిబ్యునళ్ళకు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. మధ్యంతరం అంటే తుది తీర్పు ఇంకా రావాలి. కాబట్టి ఇప్పుడు వాణియంబాడిలోనో కుప్పంలోనో ఎవరింట్లోనైనా ఇలాంటి చావు జరిగి ఉంటే, ఉత్తర్వును నమ్ముకుని కూర్చోవద్దు. ఎఫ్.ఐ.ఆర్. నకలు, పోస్టుమార్టం రిపోర్టు, లారీ నంబరు, పాలసీ వివరం పట్టుకుని ఆరు నెలల లోపే అర్జీ వేయించండి. అది కూడా మీ ఇంటికి దగ్గరి కోర్టులో.