దుంప మంచిదైతేనే లిల్లీ సాగులో లాభం

ప్రొద్దుటూరు: పెళ్లి మండపాల అలంకరణలో, పుష్పగుచ్ఛాల్లో ఆల్‌స్ట్రోమీరియా పూలకు ఆదరణ ఉంది. దక్షిణ అమెరికాకు చెందిన ఈ దుంపజాతి మొక్కకు వేరు చుట్టూ నేల చల్లగా ఉండాలి. నేల వేడెక్కితే ఆకులే తప్ప పూలు రావు. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో ఆరుబయట దీని సాగు అనుకూలం కాదు. దుంపతో పెరిగి, పెరటికీ పూలకుండీకీ పనికివచ్చే నేలసంపెంగ ఇక్కడి రైతులకు తగిన పంట. మార్కెట్లో దీన్నే లిల్లీ అంటారు. దీని పుట్టిల్లు మెక్సికో.

ఏ రకం ఎందుకు?

ఒంటి రేకల రకాలకు పరిమళం ఎక్కువ. విడిపూలుగా దండలకు, సుగంధ తైలానికి ఇవి అనువైనవి. ముద్దపూల రకాలను కాడతో కోసి అలంకరణకు అమ్ముతారు. అమ్మవారిశాల దసరా ఉత్సవాలకు పేరొందిన ప్రొద్దుటూరులో దండల పూలకు గిరాకీ ఉంటుంది. కాడపూలు వేయదలచినవారు కొనుగోలుదారును ముందే చూసుకోవాలి. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన శృంగార్, ప్రజ్వల్ ఒంటి రేకల రకాలు. సువాసిని, వైభవ్ ముద్ద రకాలు. శృంగార్ వేరుబుడిపె నులిపురుగులను కొంతవరకు తట్టుకుంటుంది.

నాటే విధానం

పులివెందుల ప్రాంతంలోని ఎర్రనేలల్లో బిందుసేద్యంతో సాగు సులువు. జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో నీరు నిలిస్తే దుంప కుళ్లుతుంది. కాబట్టి ఎత్తు మడులపై నాటాలి. తవ్విన దుంపలను నెల రోజులకు పైగా నీడలో ఆరనిచ్చి, జూన్, జులై నెలల్లో నాటుకోవాలి. 1.5 నుంచి 3 సెంటీమీటర్ల వ్యాసం గల దుంపలను ఎంచుకోవాలి. 30 సెంటీమీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు సుమారు 45 వేల దుంపలు పడతాయి. తొలి పెట్టుబడిలో అధిక భాగం వీటిదే. నులిపురుగు సోకిన తోట నుంచి దుంపలు తెస్తే వాటితోపాటు తెగులు కూడా పొలంలోకి చేరుతుంది. తోటను పూతలో చూసి, వేర్లపై బుడిపెలు లేవని నిర్ధారించుకున్నాకే కొనాలి.

ఎకరాకు 10 టన్నుల పశువుల ఎరువు, సుమారు 80 కిలోల చొప్పున నత్రజని, భాస్వరం, పొటాష్ అవసరం. నత్రజనిలో సగాన్ని నాటిన తర్వాత విడతలుగా వేయాలి.

కోత, నిల్వ

నాటిన మూడు, నాలుగు నెలలకు పూత మొదలవుతుంది. విడిపూలను తెల్లవారుజామున కోయాలి. కాడపూలైతే అడుగున రెండు, మూడు పూలు విచ్చుకోగానే కాడను కోసి వెంటనే నీటిలో ఉంచాలి. ఇంట్లో రోజూ నీరు మార్చి, కాడ చివర కొద్దిగా కత్తిరిస్తే ఎక్కువ రోజులు నిలుస్తాయి.

పెరట్లో అయితే అడుగు వెడల్పున్న కుండీలో మూడు దుంపలు చాలు. ఎండ తగలాలి, అడుగున నీరు పోయే రంధ్రం ఉండాలి.

పొలంలో రెండు, మూడేళ్ల వరకు కార్శి పంట తీయవచ్చు. ఆ తర్వాత తవ్వితే ఒక్కో మొక్క కింద పలు పిల్లదుంపలు లభిస్తాయి. ఆరోగ్యంగా ఉన్నవాటిని మరుసటి సాగుకు దాచుకుంటే విత్తన ఖర్చు ఉండదు. రోగం సోకినవైతే అవి దాచినా నష్టమే. అందుకే తొలి దుంప ఎంపికలోనే రైతు లాభనష్టాలు తేలిపోతాయి.